గల్లీ సామాను ఎక్కిన మంచె

2023 వేసవి. అప్పటికి చాలా ఏళ్లుగా ఖమ్మంలో ఫర్నిచర్, లైటింగ్ డిజైన్ చేస్తున్నాను. బయట స్టూడియో అని బోర్డు ఉంటుంది గానీ పెద్దగా ఊహించుకోకండి. కింద యాకయ్య వెల్డింగ్ షెడ్డు, పైన నా గది. నేను కాగితం మీద గీసినదాన్ని ఇనుములో చేసిపెట్టేది యాకయ్యే. జూలూరుపాడు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన మనిషి. మా ఇద్దరికీ రోజూ గొడవే, అయినా ఒకరు లేకుండా ఇంకొకరికి పని సాగదు. డిజైనర్ అనగానే కర్టెన్లకు రంగు చెప్పే మనిషి అనుకునేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. అలాంటివాళ్లు ఎదురైతే భద్రాచలం పని గురించి చెబుతుంటాను.

ఏప్రిల్‌లో ఒక మధ్యాహ్నం కరీమున్నీసా గారు మా మెట్లెక్కి వచ్చారు. యాభై దాటిన మనిషి. భద్రాచలంలో మగ్గం వర్క్ షాపు నడుపుతారు. మగ్గం వర్క్ అంటే చెక్క చట్రానికి బట్టను బిగించి, ఆరీ అనే కొక్కెం సూదితో జరీ, పూసలు కుట్టే పని. పెళ్లి జాకెట్ల మీద చూస్తుంటాం. ఆవిడ తన సంచిలోంచి ఒక జాకెట్ ముక్క తీసి నా బల్ల మీద పరిచారు. ఒకప్పుడు ఆకుపచ్చ పట్టు. ఇప్పుడు బురద రంగుకు తిరిగింది, జరీ నల్లబడింది.

"పోయినేడు వరదల పాడైన బట్టలల్ల ఇదొకటి" అన్నారు. "పెండ్లిపిల్ల వచ్చి దీన్ని పట్టుకొని ఏడ్చుకుంట కూసున్నది. నేనేం చెప్త?"

నేను ఆ ముక్కను తిప్పి చూశాను.

"మా అన్న ఖమ్మంలనే ఉంటడు. ఇంకొక్కసారి గిట్లయితే షాపు బంద్ చేపిచ్చి ఇక్కడికి తోల్కొస్త అంటుండు. నేను వస్త, నాదేముంది. నా దగ్గర కుట్టే ఆడోళ్లు ఎట్లొస్తరు? వాళ్ల ఇండ్లు, పిల్లలు అన్నీ అక్కడ్నే."

"ఎత్తు మీద ఇంకో జాగ కిరాయికి దొరకదా?" అని అడిగాను.

"గింత పెద్ద జాగ ఎవరిస్తరు మేడం? పెనుబల్లి దిక్కు చర్చికి మడత బెంచీలు చేసిన్రంట గదా మీరు. నా షాపును గూడ గట్లనే మడతబెట్టి పైకి పంపుండ్రి. అందం గిందం నాకొద్దు."

అందం వద్దన్న మాట నాకు నచ్చలేదు. పని మాత్రం అక్కడికక్కడే ఒప్పుకున్నాను.

షాపు పల్లపు గల్లీలో ఉంది. ఒకప్పుడు తునికాకు గోడౌన్. బీడీ ఆకు కట్టలు పేర్చడానికి కట్టారు కాబట్టి గోడలు బాగా ఎత్తు. పైన ఇనుప ట్రస్‌లు, వాటి మీద రేకులు. ట్రస్ అంటే పైకప్పును మోసే త్రికోణపు చట్రం. పోయినేడు నీళ్లు నిలిచిన గీత గోడ మీద నా భుజం దాకా ఉంది. దానిపైన మనిషి నిలబడేంత ఎత్తు ఊరికే పడి ఉంది. ఆ ఖాళీని చూడగానే నాకు ఉత్సాహం వచ్చింది.

మొదట మగ్గాలను ఒక్కొక్కటిగా తాళ్లతో వేలాడదీద్దామనుకున్నాను. కుట్టేవాళ్లు ఒప్పుకోలేదు. మగ్గం కాస్త ఊగినా ఆరీ సూది విరుగుతుంది. పైగా ఒక చెయ్యి బట్ట మీద సూది పట్టుకుంటే, రెండో చెయ్యి బట్ట కింద దారం అందించాలి. నేల మీద కూర్చుంటే తప్ప ఆ పని కుదరదు. అయితే నేలనే లేపుదాం అనుకున్నాను. పొలాల్లో కాపలాకు వేసే మంచె గుర్తొచ్చింది. గోడౌన్ మధ్యలో జానెడెత్తున ఇనుప చట్రం, దాని మీద ప్లైవుడ్. రోజూ ఆడవాళ్లు దాని మీదే కూర్చుని కుడతారు. వరద హెచ్చరిక రాగానే దిగిపోయి, మంచెను మగ్గాలతో సహా ట్రస్‌ల దగ్గరికి లేపేస్తారు. లేపడానికి నాలుగు మూలలా చైన్ బ్లాకులు పెట్టాం. లారీ మెకానిక్కులు ఇంజిన్లు పైకి తీయడానికి వాడేవే. కరెంటుతో పనిలేదు, గొలుసు లాగితే మెల్లగా బరువు లేస్తుంది.

లైట్ల సంగతి కూడా చెప్పాలి. పైనుంచి ట్యూబ్‌లైట్ పడితే చేతి నీడ సరిగ్గా కుట్టు మీదే పడుతుంది, జరీ మెరిసి కళ్లలో గుచ్చుతుంది. అందుకని ప్రతి మగ్గానికీ రెండు పక్కలా తక్కువ ఎత్తులో వెదురు అల్లిక షేడ్లు పెట్టి, లోపల పల్చటి మల్లు గుడ్డ అతికించాను. వెలుగు పాలలా పడింది. అందం వద్దన్న మనిషే వాటిని నలుగురికీ చూపించుకుంది. అప్పటికి నేను ఆవిడకు మేడం నుంచి బేటానయ్యాను, ఆవిడ నాకు ఆపా, అంటే అక్క, అయింది.

ట్రస్ ఎంత మోస్తుందన్నది తేలడమే ఇందులో అసలు విషయం. బియ్యం కొట్టు నుంచి కాటా తెప్పించి షాపులోని ప్రతి వస్తువునూ తూచాను. మగ్గాలు, బట్ట, దారం పెట్టెలు, పూసల డబ్బాలు, కుట్టు మిషను, అన్నీ.

"ఇంకేమన్న ఎక్కుతయా ఆపా?"

"నా షాపుల ఉన్నయి ఇవే."

నాకు తెలిసిన స్ట్రక్చరల్ ఇంజినీర్ చేత చూపించాను. ఈ బరువుకు భయం లేదు, దీనికి మించితే మాత్రం ట్రస్‌ను నమ్మొద్దన్నాడు. జూన్‌లో నలుగురు ఆడవాళ్లు నాలుగు మూలలా నిలబడి, ఒకరి చెయ్యి చూసి ఇంకొకరు గొలుసు లాగుతూ, మంచెను ఒరగకుండా పైకి లేపారు. యాకయ్య చప్పట్లు కొట్టాడు. నా పనికి అతను చప్పట్లు కొట్టడం అరుదు.

జూలై చివర్లో గోదావరి పెరిగింది. మొదటి ప్రమాద హెచ్చరిక రాగానే ఆపా ఫోన్ చేసింది. పొద్దున్నే నేనూ యాకయ్యా బండిలో బయల్దేరాం. పాల్వంచ దాటేసరికి రెండో హెచ్చరిక ఇచ్చారని తెలిసింది. గల్లీకి చేరేసరికి డ్రైనేజీ లోంచి నీళ్లు వెనక్కి తన్నుతున్నాయి. అప్పటికి మంచె పైన ఉంటుందనుకున్నాను. లోపలికి వెళ్తే అది నేల మీదే ఉంది. దాని మీద కాలు పెట్టే చోటు లేదు. బియ్యం బస్తాలు, టీవీలు, ఒక ఫ్రిజ్, స్కూలు సంచులు, కుక్కర్లు, పెళ్లి ఫోటోల ఆల్బమ్‌లు, గంప కింద కోళ్లు. వాటి మధ్యలో ఎక్కడో మా మగ్గాలు.

"ఏంది ఆపా ఇది?"

"గల్లీ సామాను."

"దీన్ని లేపితే ట్రస్ వంగుతది. రేకులు, మంచె, సామాను, అన్నీ కలిసి నీళ్లల్ల పడ్తయి. మీ షాపుకు లెక్క కట్టిన నేను. దింపమని చెప్పుండ్రి."

నా గొంతు పెరిగింది. పక్కింటి రాములమ్మ వచ్చి తన బస్తా మూతి పట్టుకుంది. "నాది దింపుకుంట. ఆపా పని ఆగొద్దు" అంది. ఆపా ఆమె చేతిని బస్తా మీంచి తీసేసింది.

"ఉండనియ్ రాములమ్మా" అని నా వైపు తిరిగింది. "పోయినేడు గుండెల దాక నీళ్లల్ల నిలబడి నా మగ్గాలు బయటికి మోసింది వీళ్లే బేటా. ఇప్పుడు నా బట్ట పైకెక్కి వీళ్ల బియ్యం నీళ్లల్ల ఉంటే, రేపు ఏ మొఖం పెట్టుకొని ఈ గల్లీల తిరుగుత?"

"మరి తూచేటప్పుడు ఎందుకు చెప్పలే?"

"నా షాపుల ఏమున్నయని అడిగినవ్. చెప్పిన. వరదొస్తే ఎత్తున్న ఇంటికి అందరి సామాను పోతది. ఎప్పుడైన గంతే. ఇది గూడ చెప్పాలెనా?"

ఆమెకు అది తలుపు తీస్తే గాలి వస్తుందన్నంత మామూలు సంగతి. నాకు మాత్రం కోపం వచ్చింది. నిజం చెప్పాలంటే కోపం కన్నా భయమే ఎక్కువ. ట్రస్ విరిగితే ఆమె షాపుతో పాటు గల్లీ మొత్తం నా డిజైన్ కింద మునుగుతుంది. అన్నీ వదిలేసి వెళ్లిపోదామా అని ఒక క్షణం అనిపించింది. కాస్త ఊపిరి పీల్చుకోవడానికి బయటికి వచ్చాను.

ఎదురు వీధిలో ఎవరో ఇల్లు కడుతున్నారు. స్లాబు కింద సెంట్రింగ్ జాకీలు నిలబెట్టి ఉన్నాయి. జాకీ అంటే పచ్చి స్లాబును కింద నుంచి మోసే ఇనుప గొట్టం, ఎత్తు పెంచుకోవచ్చు, తగ్గించుకోవచ్చు. వాటిని చూస్తుంటే దారి తోచింది. గొలుసులు మంచెను పైకి తీసుకెళ్తే చాలు. పైకి వెళ్లాక దాన్ని కాళ్ల మీద నిలబెడితే ట్రస్ మీద బరువే ఉండదు. బరువంతా నేల మోస్తుంది. అయితే ముందు ఆ సామానంతా దింపాలి, తక్కువ బరువుతో మంచెను లేపాలి, కింద జాకీలు బిగించాలి, మళ్లీ ఆ సామానంతా చేతులతో పైకి అందించాలి. నీళ్లు అప్పటికే గడప తాకాయి.

ఆ ఇంటి మేస్త్రిని బతిమాలుకోవాల్సి వస్తుందనుకున్నాను. విడిగా పేర్చి ఉన్న జాకీలు చూపించి, "ఎట్లయిన మునిగేటియే గదమ్మా. జల్దీ తీస్కపోండ్రి" అన్నాడు.

ఆ తరువాత గల్లీలో ఖాళీగా నిలబడ్డ మనిషి లేడు. సామాను దించి గోడవార పేర్చారు. నలుగురు ఆడవాళ్లు గొలుసులు అందుకున్నారు. జూన్‌లో నవ్వుతూ లాగినవాళ్లు ఈసారి పళ్లు బిగించి లాగారు. మంచె గోడ మీద గీత దాటి పైకి పోయింది. యాకయ్య చీలమండల లోతు నీళ్లలో నిలబడి జాకీలు బిగించాడు. కరెంటు తీసేశారు కాబట్టి వెల్డింగ్ లేదు, బైండింగ్ వైరుతో ఒకదానికొకటి అడ్డకర్రలు కట్టాడు. గొలుసులు వదులు చేశాం. మంచె కదల్లేదు.

నిచ్చెన వేసి సామాను పైకి అందించడం మొదలుపెట్టాం. సగం ఎక్కేసరికి చోటు చాల్లేదు. అన్నిటికన్నా పెద్ద మగ్గం సగం మంచె ఆక్రమించి ఉంది. దాని మీద ఒక పెళ్లి జాకెట్, వీపు మీద నెమలి పూర్తవుతోంది. ఆపా నిచ్చెనెక్కింది. ఆ మగ్గం ముందు కూర్చుని, చిన్న కత్తెరతో బట్టను చట్రానికి పట్టి ఉంచిన కుట్లు ఒక్కొక్కటీ తెంపడం మొదలుపెట్టింది.

"ఆపా, మళ్లీ బిగిస్తే అదే బిగువు వస్తదా?"

"రాదు."

"మరి నెమలి?"

"ముడతలు పడితే మొదట్నుంచి కుడుత" అంది, తల ఎత్తకుండా. "రాములమ్మ బియ్యం మొదట్నుంచి పండిస్తదా?"

జాకెట్ బట్టను చుట్టి తన కొంగులో కట్టుకుంది. ఖాళీ చట్రాన్ని కిందికి దింపేశారు. అది నిలబడ్డ చోట బియ్యం బస్తాలు ఎక్కాయి. చివరికి కోళ్ల గంప కూడా ఎక్కింది. ఆ తరువాతే వాళ్లంతా పునరావాస కేంద్రానికి నడిచారు, మేము రోడ్డు మూసెయ్యకముందే ఖమ్మం బయల్దేరాం.

చివరిదైన మూడో హెచ్చరిక కూడా వచ్చింది. టీవీలో గోదావరి ఎంత ఉందో చెబుతుంటే నాకు జాకీలే కళ్లముందు కనిపించేవి. నీళ్లు తీశాక వెళ్లి చూస్తే, జాకీల మీద బురద గీత మంచెకు మూరెడు కింద ఆగింది. పైన బియ్యం పొడిగా ఉంది. బట్టలు పొడిగా ఉన్నాయి. కోళ్లు మాత్రం నా ప్లైవుడ్‌ను సర్వనాశనం చేశాయి. కింద వదిలేసిన మగ్గం చట్రం ఉబ్బి వంకరపోయింది. చెల్లెల్ని తీసుకుపోవడానికి ఖమ్మం నుంచి వచ్చిన ఆపా అన్నగారు ఆ రోజంతా నిచ్చెన కింద నిలబడి బస్తాలు అందుకున్నారు. సాయంత్రం ఆయన ఒక్కరే బస్సెక్కారు. నెమలి ముడతపడింది. ఆపా చెప్పినట్టే మొదటి నుంచి కుట్టింది, పెళ్లికి అందించింది.

దసరా తరువాత మంచెను మళ్లీ చేశాం. ఇప్పుడు ట్రస్‌కు వేలాడదు. నాలుగు ఇనుప స్తంభాల వెంట పైకి జరుగుతుంది, పైన పిన్నులు దిగి నిలబడిపోతుంది. ఈసారి కాటా పట్టుకుని గల్లీలో ఇల్లిల్లూ తిరిగాను. రాములమ్మ తన బియ్యంతో పాటు, అప్పటికి ఇంకా కొనని బీరువాను కూడా రాసుకోమంది. రాసుకున్నాను.

ఆ పని తరువాత ఎవరు పిలిచినా, గది కొలతలు తీసే ముందు ఒక ప్రశ్న అడుగుతున్నాను. ఆపదొస్తే మీ ఇంటికి ఎవరి సామాను వస్తుంది అని. అశ్వారావుపేటలో ఒక పామాయిల్ రైతు ముగ్గురి పేర్లు టకటకా చెప్పాడు. ఆ మధ్య ఖమ్మంలో కొత్త ఫ్లాట్ కొన్న ఒకాయన చాలాసేపు ఆలోచించి, "ఎవరిదీ రాదండీ" అన్నాడు. ఆయన ఇంటికి బరువు లెక్క కట్టడం నాకు పది నిమిషాల పని. ఎందుకో ఆ పది నిమిషాలూ ఆ మనిషి మీద జాలేసింది.