నేను చూడని సగం సినిమా

కుర్రతనంలో, రాజమండ్రి నుంచి వచ్చే ఒక వారపత్రికకు సినిమా సమీక్షలు రాసేవాడిని. బడిలో మామూలు పంతులుని, పత్రికలో పులిని. ఎవరినో ఒకరిని చీల్చి చెండాడితే తప్ప నాకు రాసినట్టు ఉండేది కాదు.

అప్పట్లో ఒక రక్తపిశాచి హాస్యచిత్రం వచ్చింది. పిశాచి వేషం వేసినాయన మా ఊరివారే. చేపల వేటకెళ్ళే ఇంట్లో పుట్టి, నాటకాలాడుతూ మద్రాసు దాకా వెళ్ళారు. ఆ సినిమాకి పాలకొల్లులో మ్యాట్నీకి వెళ్ళాను. మాది గోదావరికి అవతలి ఒడ్డు, చీకటి పడితే ఏరు దాటించే పంటు ఉండదు. అందుకని మావాళ్ళు మ్యాట్నీకెళితే ఇంటర్వెల్లో లేచి వచ్చేయడం మామూలే. మిగతా కథ ఎవరో ఒకరు చెబుతారు. నేనూ అలాగే వచ్చేసి, పిశాచికి కోరలు తప్ప నటన లేదని రాసిపారేశాను.

సినిమా ఆడలేదు. ఆయన మళ్ళీ వేషం వేయలేదు, ఊరొచ్చి వలలు బాగుచేసుకుంటూ బతికారు. నా రాత వల్లే అనను, అంత పలుకుబడి నాకెక్కడిది? పంటు మీద ఎదురుపడితే "బాగున్నారా మాస్టారూ" అని ఆయనే ముందు పలకరించేవారు. నేను సిగ్గుతో నీళ్ళవైపు చూసేవాడిని.

ఈమధ్య ఆ సినిమాని ఎవరో ఇంటర్నెట్‌లో పెట్టారు. ఇంటర్వెల్ తర్వాత అద్దం సీను చూడండంటూ కింద కుర్రాళ్ళ కామెంట్లు. ఫోన్‌లో చూశాను. పెళ్ళిచూపులకు ముస్తాబైన పిశాచి, రక్తపిశాచులకు ప్రతిబింబం ఉండదు గనక, అద్దంలో కనపడడు. పక్కనున్న చూపులేని ముసలమ్మను, తానెలా ఉన్నాడో చెప్పమంటాడు. ఆమె మొహమంతా తడిమి చెప్పేదాకా ఊపిరి బిగబట్టి నిలబడతాడు. ముందు నవ్వాను, తర్వాత ఏడ్చాను.

వెళ్ళి చెప్పాలనుకున్నాను. ఏ మొహం పెట్టుకుని వెళ్ళాలి? రేపు, ఎల్లుండి అనుకుంటూ నెల గడిపేశాను. ఈలోపు ఆయన పోయారు.

పెద్దకర్మకు వెళ్ళి, ఆనాడు సగంలో లేచి వచ్చానని ఆయన భార్య దగ్గర ఒప్పేసుకున్నాను.

"తెలుసండి," అందామె. "ఆవేళ చేపలమ్ముకుని తిరిగొస్తుంటే పంటు మీద మీరున్నారండి. ఇంకా బొమ్మ వదిలే వేళ అవలేదు. మీరు రాసింది చదివి ఆయన అన్నం మానేస్తే, మాస్టారు సగమే చూశారని నేనే చెప్పానండి. అప్పుడు తిన్నారు. మిగతాది చూసుంటే అలా రాయరే, ఎప్పటికైనా చూస్తారులే అనేవారండి."

పంటు మీద లాగే తల తిప్పుకున్నాను.

"చూశారా అండి మరి?"

"చూశానమ్మా."

"ఎలా చేశారండి?"

"చాలా బాగా చేశారమ్మా."

"రాయండి మరి," అందామె.

ఆ పత్రిక ఎప్పుడో మూతపడింది. అందుకే ఇక్కడ రాస్తున్నాను. నా సమీక్ష సగం సినిమాది. మిగతా సగంలో మా ఊరాయన చాలా గొప్పగా నటించారు. ఇది ఆయన ఉండగా, పంటు మీద పలకరించినప్పుడు, నోటితో చెప్పాల్సిన మాట.