బరువని ఎత్తిన గొర్రె

నా చిన్నప్పుడు నాకు నా కండల మీద ఉన్నంత ప్రేమ ఇంట్లో మనుషుల మీద కూడా ఉండేది కాదు. చిన్నప్పుడంటే పలక పట్టుకున్న రోజులు కావు, మహబూబ్‌నగర్‌లో ఇంటర్ మొదటి ఏడు. మొన్న మనవరాలు జడ్చర్ల హాస్టల్ నుంచి ఫోన్ చేసి, కాలేజీలో జిమ్ మూసేశారు తాతా, ఒళ్లు పాడైపోతోంది అని వాపోయింది. మెట్లెక్కమనీ, నీళ్ల బకెట్లు మొయ్యమనీ చెప్పి పెట్టేశాను. అసలు సంగతి చెప్పలేకపోయాను.

కబడ్డీ జట్టు ఎంపికకు నెల ఉందనగా మా కాలేజీ కసరత్తు గదిలో పైకప్పు పెచ్చులూడి పడింది. గదికి తాళం వేశారు. లోపల ఉన్నవి రెండు ఇనుప కడ్డీలు, నాలుగు బరువులు, ఒక నిలువుటద్దం. ఆ అద్దం కోసమే నేను ఎక్కువగా వెళ్లేవాణ్ని. జట్టులో చోటు దొరక్కపోతే బతుకే లేదనుకుని, దసరా సెలవులకు మూతి ముడుచుకుని ఊరికి వచ్చాను.

మాది గొర్రెలు కాచుకునే ఇల్లు. మా తాతకు ఎనభై దాకా గొర్రెలుండేవి. నా ఏడుపంతా విని ఆయన, "గంతేనా? రేపు వాగుకాడికి రా. ఎత్తెటోనికి ఎత్తినంత" అన్నాడు.

ఉన్ని కత్తిరించే ముందు గొర్రెలను వాగులో కడగడం మాకు ఆనవాయితీ. ఒడ్డున ఒకరు గొర్రెను ఎత్తి అందిస్తే, నీళ్లలో నిలబడ్డవాళ్లు రుద్ది అవతలి ఒడ్డుకు తోలతారు. ఎత్తి అందించే పని నాకు ఇచ్చారు. గొర్రెల ఇంట్లో పుట్టి కూడా నాకు వాటి కంపు పడేది కాదు. తోకల కింద అట్టలు కట్టిన పెంట, బొచ్చులో నెత్తురు తాగి ఉబ్బిన పిడుదులు, ముక్కుల నుంచి సాగే చీమిడి. ఒకటి నా మెడ మీద తుమ్మింది. పక్కకు పోయి పొద్దున తిన్న జొన్నరొట్టె అంతా కక్కేశాను. తాత నవ్వాడు తప్ప పని తప్పించలేదు. గొర్రెను రొమ్ముకు అదుముకుని, ఒక చెయ్యి మెడ కింద, ఒక చెయ్యి తొడల వెనక వేసి ఎత్తాలని చూపించాడు. అంత రోతను రొమ్ముకు అదుముకోవడమా! నేను ముఖం పక్కకు తిప్పుకుని, బొచ్చు పిడికిళ్లతో పట్టి, చేతులు చాచి ఎత్తి విసరసాగాను. పైగా కసరత్తులో లెక్కపెట్టినట్టు పదీ ఇరవై అంటూ లెక్క ఒకటి.

ఐదారు గొర్రెలను కాస్త ఎడంగా నిలబెట్టారు. నుదుట ఎర్రటి జాజు బొట్టు ఉంటే అది చూడి గొర్రె అని, దాన్ని నీళ్లలో దించకూడదని మా ఇళ్లల్లో పాకే పిల్లలకు కూడా తెలుసు. అందులో ఒకటి తప్పించుకుని మందలో కలిసింది. బొట్టు చూడలేదని ఇన్నేళ్లూ అందరితో చెప్పాను. అబద్ధం, చూశాను. పట్టుకోగానే మిగతావాటికంటే బరువుగా తగిలింది. మంచి బరువు దొరికిందని సంబరపడి ఎత్తి విసిరాను. అది రాతి మీద పక్కకు పడి నీళ్లలోకి జారింది.

తాత పరుగున దిగి దాన్ని రెండు చేతులా పొదువుకుని ఒడ్డుకు తెచ్చాడు. పొద్దు వాలకముందే అది ఈచుకుపోయింది. నెలలు నిండకుండానే పడిన, ప్రాణం లేని నల్లటి పిల్ల, ఒళ్లంతా నెత్తురూ జిగురూ, గిట్టలు ఇంకా మెత్తగానే ఉన్నాయి. తాత నన్ను కొట్టలేదు, తిట్టలేదు. దాన్ని నా అరచేతుల్లో పెట్టి పూడ్చి రమ్మన్నాడు.

"బరువైతే జూస్తివి బిడ్డా. గంత బరువు ఎందుకున్నదో జూడకపోతివి" అన్నాడు.

గొర్రె తుమ్మితే కక్కుకున్నవాణ్ని, ఆ జిగురు చేతులను చాలాసేపు కడుక్కోకుండానే కూర్చున్నాను. చేతుల మీద కాదు, ఆ చేతులున్నవాడి మీద అసహ్యం వేసింది.

తెల్లారి మిగిలిన గొర్రెలను కడగడానికి తాత మళ్లీ పిలిచాడు. నా చేతులు పనికిరావు, రానన్నాను. "చేతులు మంచిగనే ఉన్నయి. జర దగ్గరికి తీస్కో" అన్నాడు. ఆ రోజు ఒక్కొక్కదాన్నీ రొమ్ముకు అదుముకునే ఎత్తాను. వాటి గుండె దడదడ నా పక్కటెముకలకు తెలిసింది. కంపు నిన్నటి కంపే. ముఖం తిప్పుకోలేదు, అంతే.

నెల తర్వాత జట్టులో చోటు వచ్చింది. గొర్రెలెత్తిన బలం అని ఊళ్లోవాళ్లు మెచ్చుకుంటే తాత అవునన్నాడు. బొట్టు చూసే ఎత్తానని ఆయనకు తెలుసనే అనుకుంటాను. పోయేదాకా ఎవరి ముందూ ఆ మాట ఎత్తలేదు.

నాకు అరవై దాటాయి. ఇప్పటికీ ఎవరైనా చంటిపిల్లను ఎత్తుకోమని ఇస్తే నా చేతులు వెనక్కి పోతాయి. ఒడిలో తడుపుతుందని భయమేమో అని ఆడవాళ్లు నవ్వుతారు. నేనూ నవ్వి, ఒక చెయ్యి మెడ కింద, ఒక చెయ్యి తొడల వెనక వేసి, రొమ్ముకు అదుముకుంటాను.