నలభై ఏడు సైకిళ్లు

ఎనభైల మొదట్లో, ఒక ఎండాకాలం, మద్రాసులోని రికార్డుల కంపెనీ నన్ను ఉదయగిరికి పంపింది. అప్పుడు నేను ప్రొబేషన్‌లో ఉన్న సహాయ రికార్డిస్టుని. మర్రిపాడు దగ్గర గొర్రెలు మేపుకునే గురవయ్య హార్మోనియం వాయిస్తూ పాడే తత్వాలను టేపు మీదికి ఎక్కించాలి. అవి తర్వాత లాంగ్‌ప్లే రికార్డుగా వస్తాయి. నా పై అధికారి ప్రొడ్యూసరు. ఆయన పేరు ఇక్కడ రాయను. అంత గౌరవం ఆయనకు అక్కర్లేదు.

ఊళ్లో పగలు కరెంటు ఉండేది కాదు. ఆత్మకూరులో పెళ్లిళ్లకు లైట్లు వేసే షాపు నుంచి జనరేటరు తెచ్చి, ఒక పెద్ద రైతు ఇంటి హాల్లో యంత్రం పెట్టాం. ఆ రోజుల్లో మా రీలు టేపు యంత్రం కరెంటు సైకిళ్లను, అంటే అది సెకనుకు ఎన్నిసార్లు అటూ ఇటూ ఊగుతుందో దాన్ని బట్టి తిరిగేది. సెకనుకు యాభై ఉంటే సరైన వేగం. తగ్గితే టేపు నెమ్మదిస్తుంది. అలా ఎక్కిన పాటను మామూలు వేగంతో వినిపిస్తే పాట పరుగెత్తుతుంది, గొంతు సన్నబడిపోతుంది.

గురవయ్యది బరువైన గొంతు. ఆయన మొదటి తత్వం ఎత్తుకోగానే సైకిళ్లు చూపే మీటరు ముల్లు నలభై ఏడుకు పడింది. బయటికి వెళ్లి చూస్తే ఇంటివాళ్లు బోరు మోటారును మా జనరేటరుకే తగిలించారు, ఆ భారానికి అది నెమ్మదించింది. ప్రొడ్యూసరు స్నానానికి తొట్టి నింపాలట, ఆయనే సరేనన్నాడట. మోటారు తీయించి మళ్లీ మొదలుపెడదామని ఆయనతో అన్నాను. "మూడు సైకిళ్ల తేడా ఎవడికి తెలుస్తుందయ్యా? సాయంత్రానికి నేను బయలుదేరాలి" అన్నాడు. తొట్టి నిండాక నీళ్లు నిమ్మతోటకు మళ్లించారు. పాటలన్నీ అలాగే ఎక్కాయి.

టేపు పెట్టెలో ఉంచే చీటీ మీద 'నలభై ఏడు సైకిళ్లు, వేగం సరిచేయాలి' అని రాశాను. మద్రాసులో ఆయన దాన్ని చింపేసి, అంతా సవ్యమని రాసిన కొత్త చీటీ నా ముందు పెట్టాడు. సంతకం చేశాను. నాకు ఉద్యోగం పర్మనెంటు కావాలి.

ఇప్పుడు పాత రికార్డులను మళ్లీ రీలు టేపు మీద విడుదల చేసేవాళ్లు బయలుదేరారు. అలాంటి ఒక చిన్న సంస్థ నడిపే మాధురి, గురవయ్య రికార్డు గురించి నాలుగు మాటలు రాయమని ఫోన్ చేసింది. ఎవరూ పట్టించుకోని ఆణిముత్యమని మెచ్చుకుంది. పాట తప్పు వేగంతో ఎక్కిందని చెప్పాను. "పాతదాన్ని మార్చకూడదు సార్, అదే దాని అందం" అంది. నాకు ఒళ్లు మండింది. నిమ్మచెట్లకు నీళ్లు పారించుకున్న పాపం అందమెలా అవుతుంది?

ఆమెను వెంటబెట్టుకుని మర్రిపాడు వెళ్లాను. గురవయ్యకు ఎనభై దాటాయి. హార్మోనియం అదే, రీడ్లు ఒక్కటీ మార్చలేదు. మాధురి ఫోన్లో పాట పెట్టింది. ఆయన మొహం తిప్పుకున్నాడు.

"అది నా గొంతు గాదు తల్లీ. రికార్డు వచ్చినంక చిలక్కూత గురవయ్య అని ఎక్కిరించినారు. మొత్తుకున్నా ఎవురూ నమ్మలా. పిలిచేవాళ్లే లేకుండా పోయినారు."

పాటలో హార్మోనియం మొదట మోగిన మెట్టునే ఈ హార్మోనియంలో నొక్కమని గురవయ్యను అడిగాను. రెండూ కలవలేదు. పాటలోని స్వరం ఒక మెట్టు పైనుంది. మాధురి తన కంప్యూటరు తెరిచింది. అందులో పాట వేగం తగ్గించుకుంటూ పోయి, రెండూ కలిసిన చోట ఆపింది. ఆ గదిలో అసలు గొంతు వినిపించింది.

గురవయ్య పాట అయ్యేదాకా విన్నాడు. తర్వాత నా వైపు తిరిగాడు.

"నీకు ఆ పొద్దే తెలుసునా సార్?"

తెలుసన్నాను.

"మరి ఇన్నేండ్లు ఏంది, నోరు కట్టేసుకోని ఉండావు?"

ప్రొడ్యూసరు మీద ఇన్నేళ్లుగా దాచుకున్న కోపమంతా ఆ ప్రశ్న ముందు పనికిరాకుండా పోయింది. కొత్త టేపు పెట్టె మీద నా పేరు కింద రెండు విషయాలు అచ్చు వేయమని మాధురికి చెప్పాను: జనరేటరు నలభై ఏడు దగ్గర నడిచింది, అంతా సవ్యమని సంతకం చేసింది నేను.

మీటరు చూసినవాడే సాక్షి. ఆ సాక్షి సంతకం అమ్ముకుంటే పాటగాడి మాట ఎవరూ నమ్మరు.