లెవెల్‌గా ఉంది

ఆ యజమాని గుర్తొస్తే నాకు ఇప్పటికీ రోతే. రెండు వేల సంవత్సరం దాటిన కొత్తల్లో ఘాజియాబాద్‌లో ఆయన దగ్గర సూపర్‌వైజరుగా పనిచేశాను. పెళ్ళిళ్ళకు జనరేటర్లు అద్దెకిచ్చేవాడు. జనరేటరును ట్రైలరు మీదికెక్కించి, ఆ ట్రైలరును పికప్ వెనక కొక్కేనికి తగిలించి పంపేవాడు.

ఆ బరువుకి బండి వెనక కుంగేది, ముందు లేచేది. ఆయన బరువు తగ్గించేవాడు కాదు. వెనక చక్రాల పైనుండే స్ప్రింగు కమాను కట్టలో ఇంకో ఇనప పట్టీ వేయించేవాడు. తర్వాత బండి వెనక గొంతుక్కూర్చుని, ఒక కన్ను మూసి, వడ్రంగి చెక్కను చూసినట్టు చూసేవాడు.

"లెవెల్‌గా ఉంది. పోనీ."

మా శ్రీకాకుళం డ్రైవరు ఓసారి ఉండబట్టలేక అన్నాడు. "సార్, స్టీరింగ్ తేలిపోతోందండీ. ముందు టైర్లు రోడ్డుని పట్టుకోట్లేదు."

"అచ్ఛా! వెనక్కెళ్ళి చూడవయ్యా, లెవెల్‌గా ఉందా లేదా?"

పట్టీలు కుంగుడును దాచాయి గాని, కొక్కెం మీద బరువు అలాగే ఉంది. ఆ మాట ఆయన చెవికెక్కదు.

పెళ్ళిళ్ళ సీజన్లోనే ఢిల్లీలోని ద్వారక దగ్గర మలుపులో బండి స్టీరింగ్ తిప్పినా తిరక్క, నేరుగా వెళ్ళి స్తంభాన్ని గుద్దుకుంది. నేనూ యజమానీ చేరేసరికి కాళ్ళు ఇరుక్కుపోయిన ఆ డ్రైవర్ని జనం ఇంకా బయటికి లాగుతున్నారు. అతను అరుస్తున్నాడు. ఆయన అటు వెళ్ళలేదు. ప్యాంటు పైకి లాక్కుని, బండి వెనక గొంతుక్కూర్చుని, ఒక కన్ను మూశాడు.

"చూశావా," అన్నాడు నాతో, "ఇప్పటికీ లెవెల్‌గానే ఉంది."