వీధి వైపు గది

మొన్న సైదాబాద్‌లో మా అబ్బాయి కొత్త ఇంట్లో లోపలి అలంకరణ పని చూడటానికి వచ్చిన అమ్మాయి, పొద్దుటి వెలుతురు ఏ గదిలో పడుతుందో ఆరా తీసి, చీకటి గదిలో ఎక్కువసేపు ఉంటే మనిషికి చిరాకు పెరుగుతుందని మాటవరసకు అన్నది. ఇదంతా ఖర్చు పెట్టించే మాటలని ఇంట్లోవాళ్లు నవ్వుకున్నారు. నాకు మాత్రం హుస్సేనీ ఆలంలోని మా అత్తగారిల్లు, అందులో మా పెద్ద తోడికోడలు గడిపిన ఏళ్లు గుర్తుకొచ్చి నవ్వు రాలేదు.

మా మామగారిది ఇత్తడి సామాన్ల వ్యాపారం. ఇంట్లో వీధి వైపు కిటికీ ఉన్న గది ఒకటి, దాని వెనక కిటికీయే లేని గది ఒకటి. నేను కాపురానికి వచ్చేదాకా వీధి గది అక్కదే, అంటే మా తోడికోడలిదే. కొత్త పిల్ల బెంగపడుతుందని తన పెట్టె తానే మోసుకుని లోపలి గదికి మారిందట. ఆ సంగతి నాకు చాలా రోజులకు గాని తెలియలేదు, తెలిశాక కూడా నేను ఊరుకున్నాను.

మన వయసువాళ్లకు చెప్పనక్కరలేదు, ఆ రోజుల్లో ఆడవాళ్లకు పగలంతా గదిలోనే గడిచేది. నేను కిటికీ దగ్గర కూర్చుని, మేం ఖాలా అని పిలుచుకునే పక్కింటి పెద్దావిడతో కబుర్లాడుతూ, గాజుల బండివాడితో బేరమాడుతూ బియ్యం ఏరుకునేదాన్ని. అక్క పట్టపగలు బల్బు వేస్తే మామగారు కరెంటు దండగనేవారు, ఆర్పేసి తలుపు సందు వెలుతురులోనే రవికలు కుట్టేది. చిన్నదానికే కసిరేది. చుట్టాల్లో ఆమెకు గయ్యాళి అనీ, నాకు చల్లని మనిషి అనీ పేర్లు స్థిరపడ్డాయి. నా పేరు నాకు తియ్యగానే ఉండేది.

ఒకసారి అక్కకు విషజ్వరం వస్తే, గాలి తగిలేచోట ఉంచమని డాక్టరు చెప్పడంతో గదులు మార్చుకున్నాం. ఆ కొద్ది వారాల్లోనే నేను మా పిల్లవాడిమీద చేయిచేసుకున్నాను, అత్తగారికి ఎదురు చెప్పాను. వీధి గదిలోంచి మాత్రం అక్క, ఖాలా నవ్వుకోవడం వినిపించేది. తేడా గదిలోనే ఉందని నాకు అర్థం కాకపోలేదు.

జ్వరం తగ్గాక అక్క మెల్లగా అడిగింది.

“చెల్లె, ఇంక కొన్నొద్దులు ఈడనే ఉండనా?”

“లోపల పిల్లగానికి దగ్గు లేస్తుందక్కా,” అన్నాను. నిజానికి ఆ దగ్గు అప్పటికే తగ్గిపోయింది.

“గట్లనా, అయితే వద్దు తియ్యి,” అని ఆమె మళ్లీ పెట్టె ఎత్తుకుంది.

వాటాలు పడ్డాక అక్క వాళ్లు తూర్పు బాల్కనీ ఉన్న చిన్న ఫ్లాటుకు మారారు. అక్కడ మెట్లెక్కేవాళ్లందరినీ పిలిచి చాయ్ ఇస్తుంది, ఇరుగుపొరుగు పిల్లలు ఆమె చుట్టూనే ఉంటారు. పోయిన పండక్కి వెళ్తే నా చెయ్యి పట్టుకుని, “గప్పుడు నా నోరు మంచిగ లేకుండె చెల్లె, నిన్ను మస్తు సతాయించిన, మనసుల వెట్టుకోకు,” అన్నది. తప్పు నోటిది కాదక్కా అని చెప్పబోయాను. ఆమె అందించిన చాయ్ తీసుకుని, పండగ వంటల మాట ఎత్తాను.

ఆ పాత ఇల్లు ఇప్పుడు లేదు. దాని చోట దుకాణాలు లేచాయి, చీకటి గది ఎక్కడుండేదో నేనే ఆనవాలు పట్టలేను. కాని పెళ్లిళ్లలో, పేరంటాల్లో చుట్టాలు ఇప్పటికీ ఆమెను పాత పేరుతోనే తలుచుకుంటారు, పక్కనే కూర్చున్న నన్ను ఎంత చల్లని మనిషివమ్మా అంటారు.