మా బిజిలీకి కొత్త జీను

పెళ్ళికొడుకులు కారు పైకప్పులోంచి తల బయటికి పెట్టి చేతులూపే తెలివి ఇంకా రాని రోజులవి. కోరుట్లలో ఎదురుకోలు అంటే పెళ్ళికొడుకు ఊరి మొగదల నుంచి మండపం దాకా గుర్రం మీద రావలసిందే, ఆ గుర్రం మా బాపు గుర్రమే కావలసిందే. మా తాత తాళ్ళెక్కి కల్లు గీసినవాడు. బాపుకు ఎత్తంటే భయం (ఆయన ముందు భయమని అనకూడదు, మోకాలి నొప్పి అనాలి). అందుకని తాటిచెట్టు కంటే పొట్టిగా ఉండే బతుకుతెరువు ఒకటి వెతుక్కుని తెల్లటి గుర్రాన్ని కొన్నాడు. పేరు బిజిలీ. పేరులో ఉన్న వేగం దాని నడకలో ఉండేది కాదు, పెళ్ళిళ్ళకు కావలసిందీ అదే. బాపు దాన్నీ బిడ్డా అనే పిలిచేవాడు, నన్నూ బిడ్డా అనే పిలిచేవాడు. పెరట్లోంచి ఆ కేక వినపడితే ఇద్దరం తల తిప్పేవాళ్ళం. బెల్లం ముక్క మాత్రం దానికే దక్కేది. నేనప్పుడే జంతుశాస్త్రంలో డిగ్రీ చేతపట్టుకుని, కొలువు దొరకక, ఇంట్లో ఎవరేం మాట్లాడినా తప్పు పట్టే పనిలో ఉన్నాను. జీతం లేకపోయినా ఆ పని నేటికీ వదల్లేదు.

పెళ్ళిళ్ళలోకి వీడియో కెమెరాలు దిగడంతో మా ఇంట్లో గొడవ మొదలైంది. "అన్నా, గుర్రం మంచిగ పడ్తుంది గని జీనే పాతగ కొడ్తుంది" అన్నాడు ఒక వీడియో అబ్బాయి. బాపుకు అది పుండు మీద కారంలా తగిలింది. మర్నాడే బస్సెక్కి జగిత్యాల పోయాడు. అక్కడ ఆయన దోస్తు ఒకాయన స్కూటర్లకు, జీపులకు, ట్రాక్టర్లకు సీట్లు కుట్టేవాడు. మేము సీట్ల మామ అనేవాళ్ళం. ఇంట్లో ఉర్దూ, మాతో తెలుగు, గిరాకీలను తిట్టేటప్పుడు రెండూ మాట్లాడేవాడు. బాపును ఒక స్టూలు మీద కాళ్ళు అటొకటి ఇటొకటి వేయించి కూర్చోబెట్టి, టేపు పట్టి శ్రద్ధగా కొలిచాడట. ఇనుప చట్రం వెల్డింగు చేయించి, దాని మీద మందపాటి స్పాంజి, దాని మీద ఎర్ర మఖ్మల్, చుట్టూ అద్దాలు, కుచ్చులు కుట్టాడు. ఆ జీను బస్సు టాపు మీద కోరుట్లకు ఊరేగి వచ్చింది. చూడటానికి వీధంతా వచ్చింది. నేను మాత్రం అడగవలసింది అడిగాను.

"గుర్రం కొలత తీసుకున్నరా బాపూ?"

"దాని కొలతెందుకే? కూసునేది అది గాదు గద."

"మోసేది అదే గద!"

"ఏడికి పోతదే? కిందనే ఉంటది" అన్నాడు బాపు. అప్పటికి ఆయన మాటే గెలిచింది. జీను మీద కూర్చున్న ప్రతి పెళ్ళికొడుకూ సోఫాలో కూర్చున్నట్టుందని మెచ్చుకున్నాడు. సోఫా కాళ్ళ సంగతి ఎవరడుగుతారు?

కొన్నాళ్ళకు బిజిలీకి కోపం రావడం మొదలైంది. జీను తెస్తుంటే చెవులు వెనక్కి అంటించేది. పట్టీ బిగిస్తుంటే పళ్ళు చూపించేది. వీపు మీద చెయ్యి వేస్తే నడుము కిందికి జార్చేది. ఒకనాడు రాయికల్ నుంచి వచ్చిన పెళ్ళికొడుకు ఎక్కీ ఎక్కగానే బిజిలీ ముందు నడుము కిందికి వంచి, తర్వాత ఒక్కసారిగా పైకి ఎగరేసింది. ఆయన పోయి బ్యాండువాళ్ళ పెద్ద డోలు మీద పడ్డాడు. బ్యాండువాళ్ళు పాట ఆపలేదు. దెబ్బ సరిగ్గా తాళానికే పడిందట.

ఆ రోజు నుంచి మా ఇంట్లో వైద్యం మొదలైంది. అమ్మ ఉప్పూ మిరపకాయలూ దిగదీసి పొయ్యిలో వేసింది. ఆ ఘాటుకు బిజిలీ తుమ్మింది. "సూసినవా, దిష్టి ఎల్లిపోయింది" అంది అమ్మ. నేను నా పుస్తకాలన్నీ తిరగేసి, ఇది ఎముకల్లో సున్నం తక్కువైన రోగమని తేల్చాను (ఆ పుస్తకాల్లో గుర్రం బొమ్మ ఒకే ఒక్కటి ఉంది, అదీ అస్థిపంజరం). ఉప్పు మూట వేడి చేసి పూటపూటా వీపుకు కాపడం పెట్టాను. కాపడం పెడుతుంటే బిజిలీ పై పెదవి సాగదీసి కళ్ళు మూసుకునేది. నా వైద్యం ఫలించిందని నేను పొంగిపోయేదాన్ని. జీను కనపడగానే చెవులు మళ్ళీ వెనక్కి పోయేవి.

అప్పటికి గానీ నా డిగ్రీకి వెలగలేదు. జీను లేనప్పుడు రాని నొప్పి జీను చూస్తేనే ఎందుకొస్తుంది? వెంటనే బాపు మీదికి పోయాను.

"నొప్పి గుర్రానిది గాదు బాపూ, జీనుది."

"జీను కొత్తది, గుర్రం పాతది. ఏది ఖరాబయితదో నువ్వే చెప్పు."

"కొత్త చెప్పులు కాలు కరువవా నీకు?"

"నువ్వు సదివింది కప్పల సదువు బిడ్డా. గుర్రాల జోలికి రాకు" అని ఆయన లేచిపోయాడు. కానీ ఆ రాత్రి అన్నం ముందు కూర్చుని కలుపుతూనే ఉన్నాడు, తినలేదు. అమ్మ గుచ్చి గుచ్చి అడిగితే విషయం బయటపడింది. మెట్‌పల్లి నుంచి ఒక బేరగాడు వచ్చి గుర్రాన్ని అడిగాడట. ఇటుకబట్టీ బండికి కావాలట. పెళ్ళికొడుకులను పడేసే గుర్రాన్ని ఇంకెవరు పిలుస్తారని బాపు మాట ఇచ్చేశాడు. ఒప్పుకున్న ఎదురుకోలు ఇంకొక్కటి ఉంది, సిరిసిల్ల నుంచి వచ్చే పెళ్ళికొడుకుది. అది నడిపించిన తెల్లారే బిజిలీని తోలుకుపోతారు. వీపు మీద ఇంత బట్ట పడితే ఓర్చుకోలేని గుర్రం ఇటుకల బండి లాగుతుందా! నేను ఏడవలేదు. ఏడిస్తే వాదన బలహీనపడుతుందని నా నమ్మకం.

ఎదురుకోలు నాటి మధ్యాహ్నం నాకొక ఉపాయం తట్టింది. వీపంతా పొడి చల్లి, పైన జీను బిగించి, కాసేపు నడిపించి తీస్తే, ఎక్కడ ఒరుసుకుంటుందో పొడే చెబుతుంది. బాపు కునుకు తీస్తున్న సమయం చూసి ముగ్గుపిండి తెచ్చి చల్లాను. తెల్లటి గుర్రం మీద తెల్లటి పిండి! (పట్టా వెనక్కి తీసుకుంటే విశ్వవిద్యాలయాన్ని తప్పు పట్టేదాన్ని కాదు.) తర్వాత అమ్మ ఏడాదికని పట్టించి పెట్టిన పసుపు డబ్బా తెచ్చి గుమ్మరించాను. జీను వేసి పెరడంతా తిప్పాను. బిజిలీ నన్ను రెండుసార్లు కరవబోయింది, ఒకసారి కరిచింది. జీను దించి చూస్తే నా భుజం మంట మరిచిపోయాను. జీను అడుగున ముందు వైపు రెండు మూలలకూ, వెనక అంచుకూ పసుపు ముద్దలా అంటుకుంది. నడిమధ్య బట్ట కొత్త చీరలా శుభ్రంగా ఉంది. అంటే ఎక్కిన పెళ్ళికొడుకు బరువంతా ఆ కాసింత చోటే మోస్తోందన్నమాట. బిజిలీ మెడ వీపులో కలిసే చోట అటూ ఇటూ పసుపు చెరిగిపోయి, వెంట్రుక కింద చర్మం వాచి, కాలుతూ ఉంది.

బాపును లేపి లాక్కొచ్చాను. తన జీను వీడియోలో ఎట్లా పడుతుందో చూద్దామని అప్పుడే జగిత్యాల బస్సు దిగిన సీట్ల మామ కూడా వెనకే వచ్చాడు. బాపు ఆ వాపు మీద చెయ్యి పెట్టి చాలాసేపు తీయలేదు.

"మరి గిన్నొద్దులు గిది ఎందుకు చెప్పలేదే?" అన్నాడు చివరికి, నెమ్మదిగా.

"చెప్తనే ఉంది గద బాపూ. చెవులు ఎనుకకు వెట్టి, పండ్లు సూపిచ్చి, రాయికలాయనను డోలు మీదికి ఇసిరి మరీ చెప్పింది. ఇంకెట్ల చెప్పాలె?"

"అరె భాయ్, నా సీటు మీద గిప్పటిదాంక ఒక్కలు సుత కంప్లయింటు జెయ్యలే" అన్నాడు సీట్ల మామ.

"నువ్వు కుట్టిన స్కూటర్లకు నొప్పి పుట్టదు గద మామా!"

మామ బిజిలీ వైపు చూశాడు. బిజిలీ మామ వైపు చూసి చెవులు వెనక్కి పెట్టింది. "మాఫ్ జెయ్యి అమ్మా" అన్నాడాయన, నాతో కాదు, దానితో.

అంతవరకూ బాగానే ఉంది. సాయంత్రం కావస్తోంది, గుర్రం మాత్రం పసుపు పచ్చగా ఉంది. నీళ్ళు పోశాం, పోలేదు. నేను పరుగున పోయి బట్టల సబ్బు తెచ్చి రుద్దాను. పసుపుకు సున్నం తగిలితే పారాణి అవుతుందని పసిపిల్లకు తెలుసు. సబ్బుకూ అదే గుణమని డిగ్రీ చదివిన నాకు మాత్రం ఆ క్షణాన గుర్తు రాలేదు. రుద్దిన చోటల్లా ఎర్రబడింది. వీపు పచ్చన, పక్కలు ఎర్రన. పసుపూ కుంకుమా పూసుకుని, ఎవరి మీదికో పూనకానికి వచ్చినట్టు నిలబడింది బిజిలీ. అమ్మ నవ్వు ఆపుకోలేక నోట్లో కొంగు కుక్కుకుంది. ఊరి మొగదల బ్యాండు మొదలైంది.

జీను లేకుండానే తోలుకుపోయాం. సిరిసిల్ల వాళ్ళు ఘనమైన వాళ్ళు, పెళ్ళికొడుకు తండ్రి మరమగ్గాల ఆసామి. ఆయన గుర్రాన్ని కింది నుంచి పైదాకా చూశాడు.

"గిదేందయా? గుర్రానికి సుత పసుపు వెట్టిండ్రా?"

బాపు నా వైపు చూశాడు. పెళ్ళికొడుకు ముఖం చూశాను. రాయికల్ కబురు సిరిసిల్ల దాకా పోయినట్టుంది, పాపం, చెమటలు కారుతున్నాయి. నా పక్కకు జరిగి, "అక్కా, ఎక్కకుంట నడువదా?" అన్నాడు గుసగుసగా. అంతే, నా నోరు నా అనుమతి లేకుండా తెరుచుకుంది.

"మా కోరుట్ల రివాజు గిదే కాకా. పిలగాన్ని మోసేదానికి సుత పసుపు వెడ్తం. పసుపు వెట్టినంక దాని మీద కూసోవద్దు, పక్కపొంటి నడువాలె. కట్టుకున్నదాన్ని సుత గట్లనే బరువెయ్యకుంట పక్కపొంటి తోలుకపోతడని గురుతు."

నా మాట పూర్తయ్యేలోపే పెళ్ళికొడుకు కళ్ళెం పట్టుకున్నాడు. ఆసామి ఇంకేదో అనబోయాడు గానీ ఆయన భార్య, "మంచిగుందే గీ రివాజు, మనదిక్కు లేకపాయె" అని బిజిలీ నుదుటన బొట్టు పెట్టేసింది. ఆవిడ వెనక ఆడవాళ్ళంతా వరుస కట్టారు. టపాకాయలు పేలినా, డోళ్ళు చెవి పక్కనే మోగినా, వీపు మీద ఏమీ లేని బిజిలీ చెవులు ముందుకు పెట్టి హాయిగా నడిచింది. మండపం దగ్గర తల తెచ్చి బాపు భుజం మీద ఆనించింది. బాపు అటు తిరిగి కండువాతో ముఖం తుడుచుకున్నాడు. ఉక్కపోత అన్నాడు.

తెల్లారి మెట్‌పల్లి బేరగాడు తాడు పట్టుకుని వచ్చాడు. "గుర్రానికి రోగం లేదు, జీనుకుండె. కావాల్నంటే జీను తోలుకపో" అన్నాడు బాపు. ఆయన సణుక్కుంటూ ఒట్టి తాడుతో పోయాడు. సీట్ల మామ ఆ వారమంతా వస్తూ పోతూ, మెత్తటి తీగను బిజిలీ వీపు మీద ఆనించి వంచి, ఆ వంపుకు సరిగ్గా కొత్త చట్రం చేయించాడు. నడుమ వెన్నుపూస తగలకుండా సందు వదిలి, అటూ ఇటూ మెత్తలు కుట్టాడు. "జర సీదా నిలబడు అమ్మా, ఊపిరి ఇడువు" అని దాన్ని గిరాకీలా బతిమాలుతూ కొలిచాడు. వాపు పూర్తిగా తగ్గేదాకా బాపు దాని మీద తువ్వాల కూడా వేయనివ్వలేదు. ఆ తర్వాత బిజిలీ ఎన్నో పెళ్ళిళ్ళు చేసి, ముసలిదై, మా పెరట్లోనే పోయింది. ఇప్పుడు బాపూ లేడు. బిడ్డా అని ఎవరు పిలిచినా ఇప్పటికీ నా తల తిరుగుతుంది.

మొన్న మా ఆడబిడ్డ కొడుకు పెళ్ళికి కోరుట్ల పోయాను. ఎక్కడి నుంచో గుర్రాన్ని తెప్పించారు. పెళ్ళికొడుకు ఎక్కబోతుంటే, నాకు ముఖ పరిచయం కూడా లేని ఒక ముసలమ్మ అడ్డం పడింది. "ఆగురా పోరడా! ముందుగాల గుర్రానికి పసుపు వెట్టి, జరంత దూరం పక్కపొంటి నడువాలె. మా తాతల కాడికెల్లి ఉన్న రివాజు, నీకేం తెలుసు?" అని గద్దించింది. నేను నోరు తెరిచాను. అది తాతల నాటిది కాదనీ, ఎవరు కల్పించారో, ఎందుకు కల్పించారో, సబ్బుతో సహా చెప్పాలని నాలుక దురద పెట్టింది. ఆనాటి పిల్లయితే డీజే ఆపించి మరీ చెప్పేది. నేను మాత్రం మా ఆడబిడ్డ చేతిలోంచి పసుపు గిన్నె తీసుకుని, గుర్రం మెడకు కాస్త రాసి, ఎవరూ చూడకుండా జీను కింద చెయ్యి పెట్టి తడిమాను. చర్మం చల్లగా ఉంది. "నిజమే పెద్దమ్మా" అన్నాను. నా పెళ్ళయినప్పటి నుంచి నేను ఎవరి మాటనైనా ఒప్పుకోవడం చూడని మా ఆయన, ఒంట్లో బాగా లేదా అని అడిగాడు.