భూలక్ష్మికి సగమే చెప్పిన జవాబు

2022 మే నెల. కరీంనగర్‌లో ఒక ప్రైవేటు ఆసుపత్రి కిడ్నీ విభాగంలో స్టాఫ్ నర్సుగా చేరి ఏడాది దాటింది. రోగి డాక్టరు దగ్గరికి వెళ్లేముందు కూర్చోబెట్టి, వివరాలడిగి కేస్ షీట్‌లో రాయడం నా పని. హిస్టరీ తీసుకోవడం అంటాం. కొత్తవాళ్లతో మాట్లాడాలంటే నాకు బెరుకు. ప్రశ్నలన్నీ ముందే అచ్చయి ఉండబట్టి ఆ పని చేయగలిగాను.

రాజేశం సిరిసిల్ల నుంచి వచ్చాడు. నలభై ఎనిమిదేళ్లు. సాంచాల షెడ్డులో, అంటే మరమగ్గాల దగ్గర కూలి. వెంట భార్య భూలక్ష్మి, అక్క రాజవ్వ ఉన్నారు.

“అలవాట్లేమైనా ఉన్నాయా?” అని అడిగాను.

“నాలుగేండ్లాయె సిస్టర్, కల్లు గూడ ముట్టలే. మా ఇంట్ల బీడీలు చుట్టుడే గని తాగుడు లేదు,” అన్నాడు భార్య వైపు చూసి నవ్వుతూ.

“మందు బంద్ వెట్టినంక గా నారింజ రంగు కూల్ డ్రింకు వట్టిండు బిడ్డా,” అంది భూలక్ష్మి. “రోజూ రెండు లీటర్ల బాటిల్ నేనే తెచ్చిపెడ్త. మళ్ల మందు దిక్కు పోకుండ.”

“గొడ్డుకు కుడితి వెట్టినట్టు పెడ్తది,” అన్నాడతను.

షెడ్డులో దారాలు చెదురుతాయని ఫ్యాను వేయనివ్వరట. ఆ ఉక్కలో పన్నెండు గంటలు నిలబడేవాడికి ఆ బాటిలే నీళ్లు. కేస్ షీట్‌లో అలవాట్ల కింద సిగరెట్టు, మద్యం, గుట్కా అని మూడే గళ్లున్నాయి. మూడింటిలోనూ ‘లేదు’ అని రాశాను.

శివరాత్రి నుంచి అప్పుడప్పుడు మూత్రం ఎర్రగా వస్తోందని చెప్పారు. మా భాషలో హెమటూరియా, మూత్రంలో రక్తం. నొప్పి లేదు. రెండు రోజులు వచ్చి, వారం పది రోజులు ఆగేది.

“తాగినదాని రంగే దిగుతుందనుకున్న,” అన్నాడు రాజేశం.

“నేను వేడి చేసిందనుకున్న. చల్లగైతదని ఇంకో బాటిల్ ఎక్కువ పెట్టిన,” అంది భూలక్ష్మి.

దాదాపు మూడు నెలలు అలా గడిచాకే మా దగ్గరికి వచ్చారు.

సీటీ స్కాన్‌లో కుడి కిడ్నీ మీద బత్తాయంత గడ్డ కనిపించింది. ఊపిరితిత్తుల్లోనూ మచ్చలున్నాయి. ఆపరేషన్‌తో పోయే దశ దాటిందని, హైదరాబాద్ వెళ్లాలని డాక్టరు నెమ్మదిగానే చెప్పారు. రాజేశం గోడకు తగిలించిన కిడ్నీ బొమ్మను చూస్తూ కూర్చున్నాడు.

బయటికొచ్చాక భూలక్ష్మి నా చేయి పట్టుకుంది. “ఎందుకచ్చింది బిడ్డా? తాగుడు ఇడిసిపెట్టిండు గదా. బీడీ లేకపాయె. ఇంక దేంతోని అచ్చింది?”

ఎవరైనా ఏదైనా అడిగితే నేను సాధారణంగా “డాక్టరు గారిని అడగండి” అనేదాన్ని. ఆ రోజు మాత్రం నాకు తెలిసిన జవాబు ఒకటుందనిపించింది. ఆ వారమే ఒక వైద్య పత్రికలో చదివాను. తీపి పానీయాలు ఎక్కువగా తాగేవారికి కిడ్నీ క్యాన్సర్ ముప్పు కొంత పెరగవచ్చని కొందరు అనుమానిస్తున్నారు. అది ఇంకా తేలలేదు. ఒక మనిషికి ఫలానా దానివల్లే వచ్చిందని చెప్పడం కుదరదు. ఇదంతా చదివి డైరీలో కూడా రాసుకున్నాను.

నోటితో చెప్పింది మాత్రం ఒక్క వాక్యం. “కూల్ డ్రింకులు బాగా తాగినా రావచ్చంటున్నారమ్మా.”

లోపలి నుంచి తర్వాతి టోకెన్ పిలిచారు. వెళ్లిపోయాను. రాజవ్వ అక్కడే నిలబడి వింటోంది.

డిసెంబరులో భూలక్ష్మి ఒక్కతే వచ్చింది, కేస్ షీట్ నకలు కోసం. చిక్కిపోయింది. రాజేశం కార్తీకంలో పోయాడని చెప్పింది. కాగితాలు తీసుకున్నాక కూడా కదల్లేదు.

“మా వదినె వాడకట్టంత చెప్పింది బిడ్డా. నీ బాటిళ్లే మా తమ్ముని మింగినయ్ అన్నది. కర్మల నాడు నా చేతి నీళ్లు గూడ తాగలే. దాంతోని రాలేదని ఒక్క ముక్క రాసియ్యి.”

డాక్టరును అడిగాను. అలా రాయలేమన్నారు. దానివల్ల వచ్చిందని ఎలా రాయలేమో, రాలేదని కూడా అలాగే రాయలేం. ఆమెకు అదే చెప్పాను.

“అచ్చిందని మా వదినె నమ్మెటందుకు కాయితం గావాల్నా? నీ నోటి మాటనే సరిపాయె గదా,” అంది. కోపంగా కూడా అనలేదు.

“కాగితం ఇవ్వలేనమ్మా. మీ ఇంటికొచ్చి చెప్తా,” అన్నాను.

ఆదివారం సిరిసిల్ల బస్సెక్కాను. దారంతా చెప్పాల్సింది లోలోపల అప్పజెప్పుకున్నాను. నేను వెళ్లేసరికి భూలక్ష్మి ఇంటి అరుగు మీద రాజవ్వ చేటలో బీడీల తునికాకు పెట్టుకుని కత్తిరిస్తోంది. నేను చెబుతున్నంతసేపూ కత్తెర ఆపలేదు. ఆ రోజు సగమే చెప్పానని, దానివల్లే అని ఎవరూ చెప్పలేరని, తప్పు నాదని చెప్పాను.

“మరి దేంతోని అచ్చినట్టు?” అంది.

“తెలియదమ్మా. డాక్టర్లకు కూడా తెలియదు.”

“గంత సదివినోళ్లకు తెల్వకపాయె,” అని కత్తెర కింద పెట్టింది. తర్వాత లోపలికి చూసి, “భూలక్ష్మీ, గీ పోరికి చాయ్ పెట్టు. నాకు గూడ,” అంది.

ముగ్గురం తాగాం. బస్టాండు దాకా భూలక్ష్మి నాతో నడిచింది. మాట నిలబెట్టుకున్నానని లోపల కొంచెం తేలికపడ్డాను. బస్సు కదిలేముందు ఆమె కిటికీ దగ్గరికొచ్చింది.

“మా వదినె నమ్మింది బిడ్డా. నాకే నమ్మబుద్ధి అయితలేదు.”

ఇప్పుడు గుట్కా గడి కింద చేత్తో ఇంకో గీత గీసి, తీపి డ్రింకులు రోజుకెన్ని తాగుతారో రాస్తున్నాను. నొప్పి లేకపోయినా, ఒక్కసారే కనిపించినా, మూత్రంలో ఎరుపును వేడి అనుకోవద్దని వచ్చినవాళ్లందరికీ చెబుతున్నాను. ఎందుకొచ్చిందని ఎవరైనా అడిగితే ముందు కుర్చీ చూపిస్తాను. టోకెన్ పిలిచినా లేవను. తెలిసినంతా, తెలియదన్న మాటతో సహా, చెప్పాకే లేస్తాను. భూలక్ష్మికి ఆ మాట ఏడు నెలలు ఆలస్యంగా చెప్పాను. అప్పటికే ఆమె తన బాటిళ్లే కారణమని జవాబు తానే చెప్పుకుంది.